ఎడమ సీటు వెనక అడ్డకడ్డీ

నేను ఒక ఇనుప గొట్టాన్ని. అంగుళం లావు, నాలుగడుగుల చిల్లర పొడవు, రెండు కొసల దగ్గరా కాస్త వంపు. ఒంటిమీద స్పాంజి చుట్టి, దానిమీద నల్ల రెగ్జిన్ కుట్టారు. విశాఖపట్నంలో పెదవాల్తేరు దాటాక సముద్రం వైపు దిగే ఒక సందులో, పాత డాబా ఇంటి వరండాకు ఆనించినట్టు నిలబెట్టిన టాపు లేని కారు ఒకటుంది. రెండే సీట్లు. ఆ సీట్ల వెనక, ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా ఉంటాను. కారు మీద కప్పే కాన్వాసు గుడ్డ మధ్యలో కుంగి వాననీళ్లు గుంటకట్టకుండా వీపుతో ఎత్తిపట్టడం నా ఉద్యోగం. కారును చూసి ముచ్చటపడి ఆగే జనం కూడా నన్ను పట్టించుకోరు. తువ్వాళ్లు ఆరేసుకోవడానికా అని అడిగిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు.

ముందే చెప్పేస్తాను, నా కథ విని మీరు సంతోషించేదేమీ లేదు. నా మూలంగా ఒక మనిషి తను కూర్చోవలసిన చోట కూర్చోలేకపోయింది. నేను కావాలని చేశానా అంటే లేదు. నన్ను చేసినవాడు కావాలని చేశాడా అంటే, అతనూ లేదు. ఎవరూ కావాలని చెయ్యనివే ఎక్కువ బాధపెడతాయని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. కొలిమి, కర్మాగారం అంటూ మొదలుపెడితే మీకూ విసుగే. నాకు తెలివి వచ్చేసరికి గాజువాక ఆటోనగర్లో ఒక గొట్టాల కొట్టు ముందు గోడకు జేరబడి ఉన్నాను. నాతోపాటు లారీలో వచ్చినవాళ్లు నలభైమంది దాకా ఉండేవాళ్లు. ఒకడు కొళాయికి పోయాడు, ఒకడు షామియానా కాలయ్యాడు, ఇద్దరు ఏదో బడి గేటుకు ఊచలయ్యారు. నన్ను దాలినాయుడు తీసుకుపోయాడు.

దాలినాయుడిది ఆటోల హుడ్ల పని. ఆ చుట్టుపక్కల తిరిగే ఆటోల్లో సగానికి నెత్తిమీద గుడ్డ అతను కుట్టిందే. కడ్డీలు తనే వంచుతాడు, గుడ్డ తనే కత్తిరిస్తాడు, మిషను తనే తొక్కుతాడు. పనిచేస్తున్నంతసేపూ పనితోనే మాట్లాడతాడు. "ఇటు తిరుగు, మరేటి, అలాగుండిపో" అంటూ గొట్టాన్ని బుజ్జగిస్తాడు. అతని చేతిలో పడినందుకు నేనేమీ నొచ్చుకోలేదు. పని వచ్చినవాడు, అంతకుమించి పనిమీద మనసున్నవాడు. చివరికి కొంపముంచింది ఆ మనసే అనుకోండి.

ఒకనాటి పొద్దున అతని కొట్టుకు నరసింగరావుగారు వచ్చారు. అరవై నాలుగేళ్ల పొట్టి మనిషి, రైల్వే పార్శిలు ఆఫీసులో పనిచేసి దిగిపోయినవాడు. చొక్కా పైగుండీ కూడా పెట్టుకుని, చేతిలో ఫోను పట్టుకుని, కొట్టు గుమ్మంలో నిలబడి ఎవరైనా పలకరిస్తారేమోనని ఎదురుచూశారు. దాలినాయుడు పలకరించాక ఫోనులో ఫొటో చూపించారు. ఏదో దేశంలో ఎవరిదో కారు, దానిమీద చక్కగా బిగిసిన నల్లటి గుడ్డ, కింద అడ్డంగా ఒక కడ్డీ.

"ఓస్, ఇదా బాబూ. ఆటో హుడ్డుకి ఏస్తాం కదేటి, అలాటిదే. కాపోతే తలుపులున్న ఆటో" అన్నాడు దాలినాయుడు.

"మా అక్క కారండి. జాగ్రత్తగా చెయ్యాలి" అన్నారాయన.

అక్క ఎవరో చెప్పగానే దాలినాయుడు చేతిలో కత్తెర పక్కన పెట్టేశాడు. విశాలాక్షమ్మగారు ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు నర్సు, ఆ తరవాత మేట్రను. దాలినాయుడి భార్య మొదటి కాన్పులో ఇక లాభం లేదని అందరూ చేతులెత్తేస్తే, రాత్రల్లా పక్కన నిలబడి తల్లినీ బిడ్డనీ దక్కించిన మనిషి. "మేట్రనమ్మగోరి బండా" అని అతను మరో మాట లేకుండా టేపు మెడలో వేసుకుని బయలుదేరాడు. వేరే ఎవరిదైనా అయితే కారునే కొట్టుకు తెమ్మనేవాడు.

ఆ అక్కాతమ్ముళ్ల సంగతి నాకు తరవాత తెలిసింది. కారు వరండా పక్కనే ఉంటుంది, ఆమె కుర్చీ వరండాలోనే ఉంటుంది, నాకు చెవులు పనిచేస్తాయి. తల్లి పోయేనాటికి నరసింగరావుకి నాలుగేళ్లు, ఆమెకు పదహారు. పెంచింది ఆమె, చదివించింది ఆమె. ఇద్దరూ పెళ్లి మాట ఎత్తలేదు, ఎందుకని అడిగే ధైర్యం బంధువుల్లో ఎవరికీ లేదు. ఆస్పత్రిలో పనిచేసిన ఒక తెల్లదొర డాక్టరు తన దేశం వెళ్లిపోతూ, చెప్పినమాట వినే నర్సు నువ్వొక్కదానివే అని ఈ కారు ఆమెకిచ్చి పోయాడు. ఆమె ఎవరి మాటా విన్న మనిషి కాదనీ, దొరకు తెలుగు రాకపోవడంవల్ల అలా అనుకున్నాడనీ నరసింగరావుగారు నవ్వుతూ చెబుతుండేవారు.

కారు నడిపేది ఎప్పుడూ ఆమే. తమ్ముడు ఎడమ సీటులో. ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, తలకు రుమాలు కట్టుకుని, భీమిలి రోడ్డున తీసుకెళ్లేది. భీమిలి ఇంకా రెండు మైళ్లుందనగా సముద్రం పక్కన సరుగుడు తోట ఒకటి ఉండేది. అక్కడ ఆపి, ఇద్దరూ కారు దిగకుండానే గంటసేపు కూర్చుని వచ్చేసేవారు. తినడానికి ఏమీ తీసుకెళ్లేవారు కాదు, పెద్దగా మాట్లాడుకునేవారూ కాదు. మనుషులు ఒక్కచోట కూర్చోవడానికి అంతదూరం పోవడం నాకైతే వింతే. నేను కూర్చున్నచోటునుంచి కదలనివాణ్ణి కాబట్టి నా వింతను లెక్కలోకి తీసుకోకండి.

ఆరేళ్ల కిందట ఆమె స్నానాలగదిలో జారిపడింది. ఎడమ కాలికి రాడ్డు వేశారు, మోకాలు మళ్లీ వంగలేదు. కాలు ఎప్పుడూ చాపే ఉంచాలి. ఆమె ఇక నడపలేదని తేలాక, యాభై ఎనిమిదేళ్ల తమ్ముడు డ్రైవింగు నేర్చుకోవడానికి చేరాడు. నేర్చుకున్నాడు అనడం కంటే ధైర్యం చేశాడు అనడం న్యాయం. రెండో గేరు దాటడు. లారీ కనపడితే పక్కకు తీసి, అది పోయేదాకా ఆగిపోతాడు. అక్కను ఎడమ సీటులో కూర్చోబెట్టుకుని ఇంటికి దగ్గర్లోని లాసన్స్ బే దాకా పోయి వచ్చేవాడు. భీమిలి ఎప్పుడురా అని ఆమె అడిగితే, కాస్త చెయ్యి తిరగనీ అక్కా అనేవాడు. చెయ్యి తిరగడానికి ఆరేళ్లు పట్టింది.

ఆమెను కారెక్కించడం ఒక తతంగం. ముందు ఎడమ తలుపు తీసి, సీటు కింద మీట నొక్కి, సీటును వెనక్కి పూర్తిగా జరపాలి. ఆమె పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఆయన ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెడతారు. సీటు చివరికంటా వెనక్కి పోతేనే ఆ కాలు పడుతుంది. ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే గుర్తు పెట్టుకోవలసిన వాళ్లు పెట్టుకోలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో ఆమె గుండె పాడైందన్నారు. డాక్టరు బయట తమ్ముడితో చాటుగా చెప్పబోతే, ఆమె లోపలినుంచి పిలిచి ఆ కాగితాలు తెప్పించుకుని తనే చదువుకుంది. చదివి మడిచి ఇచ్చేసింది. ఇంటికొచ్చాక వరండాలో కూర్చుని తమ్ముడితో, "ఈ ఏడు దాటను. నువ్వు ఏడవకు. ఒక్కసారి భీమిలి రోడ్డున ఆ తోట దాకా తీసుకెళ్లు, చాలు" అంది. ఎండలు తగ్గాక తీసుకెళ్లమని డాక్టరు. తీసుకెళ్తానని తమ్ముడు. ఆయన అంత గట్టిగా ఏ మాటా ఎప్పుడూ ఇవ్వలేదట.

ఎండలు తగ్గడమంటే వానలు రావడమే కదా. కారు టాపు ఎప్పుడో చివికిపోయింది. కిందటేడు వానలకు లోపల నీళ్లు నిలిచి ఎడమ సీటు కింద నేల రేకు తుప్పుపట్టి చిల్లిపడితే, అతుకు వేయించారు. ఇంకో వానాకాలం తడిస్తే ఆ సీటు నిలవదు. వానలు పట్టిన రోజుల్లో కారు తడవకుండా కాపాడి, తెరిపిచ్చిన మొదటి ఆదివారం అక్కను తీసుకెళ్లాలి. అందుకే ఆ గుడ్డ. ఆ గుడ్డకోసం నేను.

గుడ్డ సంగతి కూడా చెప్పాలి. ముందు అద్దం నుంచి వెనక డిక్కీ దాకా ఒకటే ముక్క, చుట్టూ టిచ్ బటన్లు, మధ్యలో నిలువునా జిప్పు. ఒక్కరే నడుపుకుంటే కుడి సగం తీసి మడుచుకుంటారు. ఎడమ సగం మూసే ఉంటుంది. ఇద్దరు ఎక్కితే రెండూ తీస్తారు.

దాలినాయుడు కొలతలు తీసిన రోజున నరసింగరావుగారు సాయం నిలబడ్డారు. వెనక చోటు ఇరుకుగా ఉందని, అతను దూరడానికి వీలుగా రెండు సీట్లనీ ఆయనే ముందుకు లాగారు. లాగి, టేపు రెండో కొస పట్టుకున్నారు. దాలినాయుడు సీట్ల వీపులకు రెండు వేళ్లు ఎడం చూసుకుని సుద్దముక్కతో గీత గీశాడు. ఆటోలో వెనక సీటు ఒక బల్ల. అది ముందుకీ జరగదు, వెనక్కీ జరగదు. పాతికేళ్లుగా అతను చూసిన సీట్లన్నీ అవే. ఇక నరసింగరావుగారంటారా, టేపు వంకర పోకుండా పట్టుకోవడంమీదే ఆయన ధ్యాసంతా. రోజూ వెనక్కి జరిపే సీటు తన కళ్లముందే ముందుకొచ్చి ఉంటే, ఆయనకు తట్టలేదు. వరండాలోంచి విశాలాక్షమ్మగారు, "ఏరా, సరిగ్గా పట్టుకున్నావా?" అని అడిగింది. పట్టుకున్నానక్కా అన్నారు.

నన్ను వంచినప్పుడు నాకేమీ నొప్పి తెలియలేదు. ఎండిన ఇసక నా కడుపునిండా దట్టించి, రెండు మూతులూ బిగించి, నెమ్మదిగా వంచాడు. ఇసక లేకపోతే వంపు దగ్గర నొక్కుకుపోతామట. తరవాత ఇసక కక్కించి, స్పాంజి చుట్టి, రెగ్జిన్ కుట్టాడు. అంత శ్రద్ధగా నన్నెవరూ ముట్టుకోలేదు. నిజం చెబితే గర్వంగా ఉండింది.

బిగించేనాడు దాలినాయుడు ఒక్క ప్రశ్న అడిగాడు. "తీసీలాగ ఎట్టమంటారా బాబూ, బిగించీమంటారా? తీసీలాగెడితే మూడోనాటికి ఎవుడో ఎత్తుకుపోతాడు. మా ఆటోలోల్ల కాడ సూసీసినాను."

నరసింగరావుగారు ఒక నిమిషం ఆలోచించారు. ఆయన ఏ పనికైనా ఒక నిమిషం ఆలోచించి, ఎదుటివాడు చెప్పిందే చేస్తారు. "బిగించేయవయ్యా. గట్టిగా ఉండాలి" అన్నారు.

మామూలుగా పక్కకు మూడు రివిట్లు కొడతాడు. మేట్రనమ్మగోరి బండి కాబట్టి ఆరు కొట్టాడు. డ్రిల్లు లోపలికి దిగుతున్నప్పుడు కారు పక్కరేకులు ఎంత తుప్పో నాకు తెలిసింది. పైన రంగు నిగనిగలాడుతోంది, లోపల చెక్కపేడులా రాలుతోంది. చెబుదామంటే నోరు లేదు. ఆ తుప్పులోనే కాస్త గట్టిచోటు వెతికి పన్నెండు రివిట్లూ దిగగొట్టి, గుడ్డ కప్పి, బటన్లన్నీ టకటకా నొక్కి, దాలినాయుడు వెనక్కి జరిగి చూసుకున్నాడు. అదే వేళకు నాలుగు చినుకులు పడ్డాయి. గుడ్డమీద జారిపోయాయి. వరండాలో విశాలాక్షమ్మగారు, "బాగుంది నాయుడూ. చలేసి దుప్పటి కప్పుకున్నట్టుంది" అంది. అతను తల వంచుకుని నవ్వాడు. కూలీ తీసుకోనని మొండికేసి, కాఫీ మాత్రం తాగి వెళ్లాడు.

పద్దెనిమిది రోజులు వాన. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పద్దెనిమిది రోజులూ నా ఉద్యోగంలో వంక పెట్టడానికి లేదు. పైన ఎంత కుండపోతగా కురిసినా నా రెండు పక్కలా జారిపోవలసిందే. పొద్దున్నే నరసింగరావుగారు గొడుగు వేసుకొచ్చి, ఒక మూల బటను తీసి, లోపలికి చెయ్యి పెట్టి ఎడమ సీటు తడిమి చూసేవారు. "పొడిగా ఉందక్కా" అని వరండాలోకి కేకవేసేవారు. ఆ మాట కోసం నేనూ ఎదురుచూసేవాణ్ణి.

శ్రావణంలో ఒక ఆదివారం తెల్లారేసరికి తెరిపిచ్చింది. మధ్యాహ్నానికి ఎండ కాసింది. విశాలాక్షమ్మగారు ముతక తెల్లచీర కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని, కర్ర పట్టుకుని మెట్లు దిగింది. మూడు మెట్లకు పది నిమిషాలు పట్టింది. తమ్ముడు గుడ్డ రెండు సగాలూ తీసి వెనక మడిచారు. ఎడమ తలుపు తీశారు. వంగి మీట నొక్కి సీటును వెనక్కి తోశారు. సీటు వచ్చి నాకు తగిలి ఆగిపోయింది.

ఆయన మళ్లీ తోశారు. మళ్లీ తగిలింది. మీట సరిగ్గా పడలేదనుకుని మోకాళ్లమీద కూర్చుని కిందికి చూశారు. మీట బాగానే పడింది. లేచి భుజంతో నెట్టారు. నేను వెనక్కి పోదామని చూశాను, ఒట్టు. పన్నెండు రివిట్లు నన్ను కదలనిస్తేనా. ఆ సీటు చివరికంటా పోవడానికి ఇంకా ఎనిమిది అంగుళాలుంది, అది రెండు వేళ్లు జరగ్గానే నేను అడ్డుపడ్డాను.

ఆమె కర్రమీద ఒరిగి నిలబడి చూస్తోంది. "ఏమైందిరా?"

"జరగట్లేదక్కా. ఒక్క నిమిషం."

"నేను కూర్చుంటా, కాలు తరవాత చూద్దాం" అని ఆమె పక్కకు తిరిగి కూర్చుంది. ఆయన కాలు ఎత్తారు. ఇటు పెట్టారు, అటు పెట్టారు. ఎలా పెట్టినా మడమ కారు గడపకు బయటే ఉండిపోయింది. ఒకసారి గట్టిగా తోసేసరికి ఆమె పళ్లు బిగపట్టడం నాకు వినిపించింది. అంతే, ఆయన కాలు దించేసి కారుకు చేరగిలబడిపోయారు. నన్ను చూశారు. అప్పటిదాకా నన్ను ఎప్పుడూ అలా చూడలేదు. "టేపు నేనే పట్టుకున్నాను. సీట్లు నేనే ముందుకు లాగాను" అన్నారు. ఆ మాట ఆమెతో అనలేదు, నాతో అన్నారు.

మర్నాడు కబురు పెడితే దాలినాయుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. సంగతి విని గుమ్మంలోనే చతికిలపడ్డాడు. "సీటు జరుగుద్దని నాకు తెల్దు బాబూ. ఆటో సీటు జరగదు కదా. నానేటనుకుంటాను" అన్నాడు. తరవాత లేచి, "తీసీస్తాను, అరగంటలో తీసీస్తాను" అని పనిముట్లు విప్పాడు.

ఎడమపక్క మూడు రివిట్లు కోశాడు. నాలుగోది కోస్తుంటే కారు మూలిగింది. పక్కరేకు వేలెడు లోపలికి వాలింది. తెరిచి ఉన్న ఎడమ తలుపు దానంతటదే కిందికి వేలాడింది. మూయబోతే గడి పడలేదు. దాలినాయుడు చప్పున చెయ్యి తీసేశాడు. అతనికీ అప్పుడే అర్థమైంది, నాకూ అప్పుడే. రేకుల్లో ఉన్న కాస్త సత్తువా ఆ రివిట్ల బెజ్జాలతో పోయింది. ఇప్పుడు ఆ కారు రెండు పక్కల్నీ విడదీసి నిలబెడుతున్నది నేనే. నేనుంటే ఆమె కూర్చోలేదు. నేను లేకపోతే కారే లేదు.

అయినా వదలకుండా, నన్ను వెనక్కి జరిపి బిగిద్దామని అక్కడ డ్రిల్లు పెట్టి చూశాడు. రేకు అప్పడంలా విరిగి చేతిలోకొచ్చింది. కోసిన రివిట్ల చోట మళ్లీ రివిట్లు కొట్టి, నన్ను యథాస్థానంలో నిలబెట్టి, తలుపు గడి పడేలా చేసి, ఆటోనగర్ నుంచి బాడీ పనివాణ్ణి ఒకణ్ణి తీసుకొచ్చాడు. ఆ మనిషి కారు కింద పడుకుని, బయటికొచ్చి, చేతులు దులుపుకున్నాడు. కిందభాగమంతా కోసేసి కొత్తగా కట్టాలన్నాడు.

"ఎన్నాళ్లు పడుతుంది?" అని వరండాలోంచి విశాలాక్షమ్మగారు అడిగింది.

"తక్కువలో తక్కువ ఐదు నెలలండి, అమ్మగారూ."

ఆమె వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుంది. సగంలో ఆపేసి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

ఆ మనిషి వెళ్లాక దాలినాయుడు మెట్టుమీద కూర్చుని, తల ఎత్తకుండా, "అమ్మగోరూ, మా బామ్మర్ది ఆటో ఉంది. ఎనకాల సీటుమీద కాలు సాపుకుని కూకోవచ్చు. రేపే తీసుకెల్తాను" అన్నాడు.

"నెలకు రెండుసార్లు ఆస్పత్రికి ఆటోలోనే పోతున్నాను నాయుడూ. అందులో కూర్చుంటే నాకు మందుల వాసనే గుర్తొస్తుంది. నీ తప్పు కాదు, వెళ్లు" అందామె. నీ తప్పు కాదు అన్న మాట అతనికి దెబ్బలా తగిలింది. తిడితే బాగుండుననుకున్నాడు కాబోలు, చాలాసేపు అక్కడే కూర్చుని వెళ్లాడు.

రెండు రోజులు ఆమె కారువైపు చూడలేదు. మూడోనాడు తమ్ముణ్ణి పిలిచింది. "నువ్వెళ్లి చూసిరారా. వచ్చి నాకు చెప్పు."

ఆయన వల్లకాదన్నారు. ఆమె ఊరుకుంటుందా. పంపించింది. కుడిసగం జిప్పు తీసుకుని, ఎడమసగం నా వీపుమీద అలాగే మూసి ఉంచి, ఆయన బయలుదేరారు. సందు చివర మలుపు తిరిగారు. పాలబూతు దాటి వేపచెట్టు కింద కారు ఆపేసి, ఇంజను కట్టేశారు. స్టీరింగుమీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నారు. గంటన్నర. పక్కన మూసి ఉన్న గుడ్డమీద ఒకసారి చెయ్యి వేసి, కాలినట్టు తీసేసుకున్నారు. పాలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు బండి చెడిపోయిందా అని అడిగితే, లేదండి అన్నారు. తరవాత ఇంజను స్టార్టు చేసి ఇంటికొచ్చారు.

"తోట ఎలా ఉందిరా?"

"బాగుందక్కా."

"బాగుండడమంటే?"

పుట్టి బుద్ధెరిగాక ఆయన అక్కతో అబద్ధమాడి ఉండరు. మెల్లిగా మొదలుపెట్టారు. సరుగుడు చెట్లు గాలికి ఊళ వేస్తున్నాయన్నారు. ఇసకలో వలలు ఆరేశారన్నారు. మొక్కజొన్నపొత్తులు కాల్చే ఆమె ఉందన్నారు. మొదటిరోజు నాలుగు ముక్కలే. ఆమె రోజూ పంపేది, ఆయన రోజూ ఆ వేపచెట్టు కిందే ఆగేవారు, రోజులు గడిచేకొద్దీ మాటలు ధారాళంగా వచ్చేశాయి. తెల్లటి తెరచాప పడవ ఒకటి, తోటలో గొర్రెల్ని తోలుకెళ్లే ముసలాయన, ఎర్రమట్టి దిబ్బలమీద పడే సాయంత్రపు ఎండ. అవన్నీ ఎక్కడివో నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ఎడమ సీటులో కూర్చుని చూసినవి. ఆమె నడిపి చూపించినవే ఆమెకు తిరిగి చెబుతున్నారు. ఆమె కళ్లు మూసుకుని, "ఊఁ, ఆ ముసలాయన ఇంకా ఉన్నాడా" అంటూ వినేది. నలభై ఏళ్లనాటి ముసలాయన ఇంకా ఎలా ఉంటాడని ఆమె అడగలేదు, ఆయనా ఆలోచించలేదు.

పన్నెండు రోజులు అలా జరిగింది. ఆమె గొంతు సన్నబడింది. పాదాలు వాచాయి. కుర్చీలోంచి మంచానికి మారింది, మంచాన్ని వరండాలోకి వేయించుకుంది. పదమూడోనాడు ఆయన కారు తాళం తీసుకుంటుంటే, "నరసూ" అని పిలిచింది. చిన్నప్పటి పిలుపు అది.

"ఇవాళ కాస్త దూరం వెళ్లరా. ఇంజను మలుపు తిరగ్గానే ఆగిపోతోంది. ఇక్కడికి వినపడుతుంది."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది, ఆయన సిగ్గుపడడం చూడకుండా.

ఆ రోజు ఆయన నిజంగానే వెళ్లారు. లారీలు వచ్చాయి, పక్కకు తియ్యలేదు. మూడో గేరు వేశారు, నాకు గాలి తగిలింది. ఏడుస్తూనే నడిపారు, రుషికొండ దాటారు, ఇంకా ముందుకు పోయారు. ఒకచోట నెమ్మది చేసి, ఆపి, అటూ ఇటూ చూశారు. కాస్త ముందుకు పోయి మళ్లీ ఆపారు. వెనక్కి తిప్పి వచ్చి మొదట ఆపినచోటే నిలబెట్టారు. దిగారు. కొంతసేపటికి తిరిగొచ్చి ఇంటిదారి పట్టారు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాం. ఆమె ఎదురుచూస్తోంది. ఈసారి తనే ఏమీ అడగలేదు. ఆయన మంచం పక్కన నేలమీద కూర్చున్నారు.

"తోట లేదక్కా" అన్నారు. "కొట్టేశారు. మొద్దులు కూడా లేవు. రోడ్డు వెడల్పు చేసి, సముద్రం పక్కన నిలువెత్తు రేకులు కట్టారు. మనం ఆపే చోటు ఏదో ఆనవాలే దొరకలేదు. రేకుల సందులోంచి చూడబోతే కాపలా మనిషి వెళ్లిపొమ్మన్నాడు. సముద్రం వినపడింది గానీ కనపడలేదు." అంటూనే ఆయన మొహం చేతుల్లో దాచుకున్నారు. "ఆరేళ్లు చెయ్యి తిరగనీ అన్నానక్కా. అప్పుడు తీసుకెళ్లి ఉంటే చూసేదానివి."

ఎక్కడో ప్రెషర్ కుక్కరు కూసింది. తరవాత చెయ్యి చాపి ఆయన తలమీద పెట్టింది.

"అయితే నిన్న చెప్పిందే మళ్లీ చెప్పు" అంది.

ఆయన తల ఎత్తారు. "తోట దగ్గర కారు ఆపానక్కా. గాలి బాగా వీస్తోంది. వలలు ఆరేశారు..."

"నేనెక్కడున్నాను?"

ఆ ప్రశ్న ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆయన ఒక నిమిషం ఆలోచించారు. ఆలోచించి, మొదటిసారి ఎవరూ చెప్పని మాట తనంతట తనే చెప్పారు.

"నా పక్కనే అక్కా. సీటు పూర్తిగా వెనక్కి జరిపాను. నీ కాలు హాయిగా పట్టేసింది."

ఆమె సరేనన్నట్టు కళ్లు మూసుకుంది. ఆయన చెబుతూనే ఉన్నారు. నేను ఆ సీటు వెనకే ఉన్నాను, బిగించిన చోటే.